కడిగిన సీసాలు

2008 ఆగస్టులో మా పరిశోధన సంస్థ నన్ను సీనియర్ టెక్నికల్ ఆఫీసరు హోదాలో తమిళనాడులోని ధర్మపురికి డిప్యుటేషన్ మీద పంపింది. చుట్టుపక్కల ఊళ్ళలోని షుగరు రోగుల మూత్రం సేకరించడం నా పని. కిడ్నీ కణాలు అతిసూక్ష్మమైన సంచులను మూత్రంలోకి వదులుతుంటాయి. ఏ కణం వదిలిన సంచిలో ఆ కణపు ప్రొటీన్లు ఉంటాయి. కిడ్నీలోకి సూది గుచ్చి ముక్క తీయకుండా, ఈ సంచులను చూసి జబ్బును ముందే పసిగట్టవచ్చా అన్నది మా ప్రశ్న.

మూత్రంలోని ఎంజైములు ఆ ప్రొటీన్లను తినేస్తాయి. వాటిని ఆపే మందును సీసా అడుగున వేసి, సాయంత్రం ఇళ్ళకు ఇచ్చేవాళ్ళం. తెల్లవారి పట్టిన మొదటి మూత్రాన్ని ఐసు పెట్టెలో తెచ్చి, గడ్డకట్టించి, హెడ్డాఫీసు ల్యాబుకు పంపేవాళ్ళం. మందు వేయడం, సీసాలు పంచడం కాంట్రాక్టు టెక్నీషియన్ సెల్వి చేసేది. ఆమెది దగ్గర్లోని బొమ్మిడి, తమిళం తప్ప రాదు.

సీసాతో తమిళంలో ఒక చీటీ ఇచ్చేవాళ్ళం: ‘లోపల మందు ఉంది. కడగవద్దు.’ ఆ ఊళ్ళలో ఒకటైన మహేంద్రమంగళంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయని విని, వాళ్ళకోసం నేనే కూర్చుని తెలుగులో రాశాను. నాది చిత్తూరు; మన అక్షరాలు చూసి మురిసిపోతారని నా ఉబలాటం. అన్ని ఇళ్ళకూ ఒకే మాట చేరాలి కనుక నోటితో ఏమీ చెప్పవద్దని సెల్విని ఆదేశించాను కూడా.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. మహేంద్రమంగళం నమూనాల్లో చాలావాటికి, పరీక్షలో ముదురుగా కనబడాల్సిన ప్రొటీన్ గీతలు వెలిసిపోయాయి. మందు పడలేదనడానికి అది గుర్తు. సెల్వి మరిచిపోయిందని తేల్చేసి మెమో రాశాను. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగించాలి; మెమో పైకి వెళితే ఆ ఉద్యోగం పోయినట్టే. ప్రతి సీసాలో వేశానని ఆమె మూడుసార్లు చెప్పింది. తప్పు చేసినవాళ్ళంతా అలాగే అంటారులే అనుకున్నాను.

మెమో పంపేముందు ఒక్కసారి తనతో ఊరికి రమ్మని బతిమాలింది. తప్పును కళ్ళారా పట్టుకోవచ్చని వెళ్ళాను. నా ఎదుటే మందు వేసి, చీటీతో సహా సీసాను గోవిందమ్మ అనే రైతు ఇల్లాలికి ఇచ్చి, ఎప్పటిలాగే పక్కింటికి కదిలింది. నేను మంచినీళ్ళు అడిగి ఆగాను. గోవిందమ్మ నాకు నీళ్ళిచ్చి, తొట్టి దగ్గరికి వెళ్ళి, సీసా వంపేసి కడగసాగింది.

“అమ్మా, అదేం పని?” అని కేక వేశాను.

“ఎవురెవురి ఇండ్లకో పోయొచ్చిన సీసా సార్. కడగకుండా ఎట్ల పట్టేది? పోయినతూరి కూడా బాగా కడిగే ఇచ్చినాను” అంది, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

చీటీ చదవలేదా అని అడిగాను. ఆమె లోపలికి వెళ్ళి, క్యాలెండరు వెనక భద్రంగా దాచిన పాత చీటీ తెచ్చింది.

“ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, చదివేది ఎవురికీ రాదు సార్. బడిలో అంతా తమిళమే కదా. మన రాత అని పారేయను మనసు రాలే.”

నా కేక విని వెనక్కి వచ్చిన సెల్వి నావైపు చూడలేదు. ఐసు పెట్టె మూత సర్దుతూ నిలబడింది. ఆఫీసుకు వెళ్ళి ఏ ఇంటికి ఏ చీటీ ఇచ్చామో రాసిన రిజిస్టరు తిప్పాను. వెలిసిన నమూనాలన్నీ తెలుగు చీటీ వెళ్ళిన ఇళ్ళవే. మెమో రాసేముందు తిప్పి ఉంటే పది నిమిషాల పని.

మెమో చింపేసి, నమూనాలు చెడింది నా చీటీ వల్లనని ఫైలులో రాసి సంతకం చేశాను. సెల్వి కాంట్రాక్టు పొడిగించారు. నేనున్నన్నాళ్ళూ ఆమె నాతో పనికి సంబంధించిన మాట తప్ప మరోమాట మాట్లాడలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ తరువాత అన్ని ఇళ్ళకూ తమిళ చీటీలే ఇచ్చాం, నోటితో కూడా చెప్పాం.

రిటైరయ్యేవరకు ఒక నియమం పాటించాను: నమూనా చెడితే, ఎవరి చేతినైనా అనుమానించే ముందు, నేనిచ్చిన సూచనను అందుకున్నవాళ్ళ చేత చదివించి వినాలి. ఆ రోజు ఆ వీధిలో నా చీటీ చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.