మూడో గంట

క్రివీ రిహ్ ఊళ్లో గనుల కాలనీలో పెరిగిన డెమ్యాన్ ఏళ్ల తరబడి ఎర్ర బనీనో నీలం బనీనో తొడుక్కుని అమెచ్యూర్ బాక్సింగ్ ఆడాడు. అక్కడ పోటీ అంటే మూడే రౌండ్లు. "ఉన్న ఊపిరంతా ఇక్కడే పెట్టెయ్. ఇంటికి పట్టుకెళ్లి ఏం చేసుకుంటావ్?" అనేవాడు కోచ్ స్టెపానొవిచ్. మూడో రౌండు ముగిసిందని మూడో గంట మోగగానే, రింగు మధ్యకొచ్చి గెలుపు ప్రకటించే రెఫరీకి మణికట్టు అందించడం డెమ్యాన్ ఒంటికి అలవాటైపోయింది.

జాతీయ జట్టులో చోటు దక్కక, ముప్పయ్యో ఏట ప్రొఫెషనల్ అయ్యాడు. ద్నిప్రో నగరంలో తొలి పోటీ. బనీను లేని ఒంటితో జనం ముందు నిలబడాలంటే సిగ్గేసింది. ఈ పోటీకి నాలుగు రౌండ్లని కోచ్ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. అయినా మూడో గంట మోగగానే డెమ్యాన్ నేరుగా రెఫరీ పక్కకెళ్లి చెయ్యి చాపాడు. హాలంతా గొల్లున నవ్వింది.

"ఒరేయ్ వెర్రివాడా, ఇటు రా! ఇంకో రౌండుంది!" అని అరిచాడు కోచ్.

డెమ్యాన్ మూలనున్న స్టూలు మీద కూలబడి అన్నాడు: "నావల్ల కాదు మాష్టారూ. మీరు చెప్పినట్టే అంతా పెట్టేశా."

కోచ్ అతని నెత్తిన నీళ్లు కుమ్మరించాడు. "నేను చెప్పింది అబద్ధంరా. ఇంకా ఉంది. లే."

లేచాడు. ఆ పోటీ ఓడిపోయాడు. తర్వాత పదేసి రౌండ్లు ఆడి గెలిచినవి చాలానే ఉన్నాయి.

అమెచ్యూర్‌కీ ప్రొఫెషనల్‌కీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఇప్పుడు కుడి మణికట్టు చూపిస్తాడు.

"మూడో గంట వినపడితే ఇది ఇప్పటికీ లేస్తుంది. పట్టుకుని దించడం ఒక్కటే నేను నేర్చుకున్నది."