గుండెలో సిపాయిలు, గుమ్మంలో అత్తమ్మ

మా ఇంట్లో పొద్దున్నే ఎవరికీ అలారం అక్కర్లేదు. నేను జొన్నరొట్టె కొట్టే చప్పుడుకే అందరూ లేస్తారు. నేను కోపంగా ఉన్నానో నెమ్మదిగా ఉన్నానో కూడా ఆ చప్పుడును బట్టే మా ఆయన కనిపెట్టేస్తాడు. నాకు ముక్కు మీద కోపం. నోట్లో నువ్వుగింజ నానదు. నాందేడ్‌కు కాపురానికి వచ్చాక మరాఠీలోనూ, దక్కనీలోనూ పోట్లాడటం నేర్చుకున్నాను.

అలాంటిదాన్ని ఎండాకాలం మొదట్లో ఓ జలుబు పడగొట్టింది. జలుబూ జ్వరమూ తగ్గాయి. అవి తగ్గాకే అసలు కథ మొదలైంది. ఛాతీలో నొప్పి, రెండు రొట్టెలు కొట్టేసరికి ఆయాసం. గ్యాస్ అనుకుని వాము నమిలాను. చివరికి ఒకరోజు పీట మీంచి లేవలేకపోతే ఆస్పత్రిలో చేర్పించారు. ఈసీజీ, రక్తపరీక్ష, ఎకో అన్నీ అయ్యాక, గుండె కండరం వాచిందని చెప్పింది డాక్టరమ్మ.

ఆమె మరాఠీలో ఓపిగ్గా విడమరిచింది. జలుబు తెచ్చిన వైరస్ గుండె కండరంలోకి దూరిందట. దాన్ని చంపడానికి ఒంట్లోని రక్షణ కణాలు సిపాయిల్లా వెళ్లాయి, చంపాయి కూడా. కానీ పని అయిపోయినా అవి వెనక్కి రాలేదు. మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో పోల్చుకోలేక, ఇప్పుడు గుండెనే కొడుతున్నాయి. కంచే చేను మేయడం అంటారే, అది నా లోపలే జరుగుతోందన్నమాట. నా గుండె బలం బాగా తగ్గిపోయింది. మందులు వాడుతూ ఒళ్లు అలవనీయకుండా ఉంటే చాలామందికి మళ్లీ మామూలవుతుందనీ, కొందరికి కాదనీ చెప్పింది. నేను ఏ గుంపులో ఉన్నానో వానలు పడ్డాక చేసే ఎకోలో తేలుతుంది. నాకు నిజంగా భయమేసింది.

పక్కనే ఉన్న అత్తమ్మ, కరోనా రోజుల్లో ఇల్లంతటికీ పోసినట్టు నాకూ కాఢా కషాయం కాచి పొయ్యాలా, తాకత్ పెరుగుతుంది కదా అని అడిగింది. డాక్టరమ్మ నవ్వేసింది. "ఆజీ, ఆ సిపాయిలకు ఇంకా బలం ఎందుకు? ఉన్న బలంతోనే కొట్టి చంపుతున్నారు. ఈమెకు కావలసింది ఆరామ్. ఆరామ్ అంటే ఆరామే" అంది.

ఇంటికి వచ్చాను. మా గల్లీలో ఒంట్లో బాగోలేనివాళ్లను చూడ్డానికి వెళ్లకపోతే తప్పు. వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వకపోతే ఇంకా పెద్ద తప్పు. అత్తమ్మ మందుల దుకాణానికి వెళ్లిన సమయం చూసి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. నేను లేచి చాయ్ పెట్టాను. "నీకు పండుకొమ్మని చెప్పిన్రట గదా, ఎందుకు లేస్తవ్ పిల్లా" అంటూనే గ్లాసులు ఖాళీ చేశారు. సాయంత్రానికి నాకు ఊపిరి అందలేదు.

మర్నాటి నుంచి గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ, అందులో అత్తమ్మ, ఆమె ఒళ్లో ఒక కట్టె. "చాయ్ తాగనీకె మీ ఇండ్లు లెవ్వా?" అని ఆమె అరుస్తుంటే లోపల పడుకున్న నాకు భలే హాయిగా ఉండేది. కొందరు తెలివిగా "నేను ఆమెకు చెల్లె అసుంటిదాన్ని" అని చొరబడబోయేవాళ్లు. అత్తమ్మ దగ్గర ఆ పప్పులేవీ ఉడకలేదు.

ఇలా ఉండగా నా సొంత చెల్లెలే ధర్మాబాద్ నుంచి రైల్లో వచ్చింది. మా వైపు ఆడవాళ్లు ఎండలో బయటికి వస్తే కళ్లు తప్ప ముఖమంతా స్కార్ఫ్ చుట్టుకుంటారు. మా చెల్లెలు, నాకు ఏ జలుబూ అంటకూడదని లోపల మాస్క్ కూడా పెట్టుకుంది. మాత్రల మత్తులో నేను నిద్రపోతున్నాను. జరిగిందంతా తర్వాత అదే చెప్పింది.

"అత్తమ్మా, నేను. చెల్లెను."

"అచ్చినోళ్లందరు చెల్లెండ్లే. నడువు."

"ధర్మాబాద్ నుంచి అచ్చిన!"

"ఢిల్లీ నుంచి అచ్చినా గంతే."

ముఖం చూపిస్తే సరిపోయేది. కానీ అది నా చెల్లెలు, నాకున్న కోపమే దానికీ ఉంది. వచ్చిన ఆటోలోనే స్టేషన్‌కు వెనుదిరిగి, ప్లాట్‌ఫాం మీంచి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను మూడు భాషలూ సిద్ధం చేసుకుని గుమ్మం దాకా వచ్చాను. విషయం వినగానే అత్తమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, మన పిల్లనే ఎల్లగొట్టిన్నా?" అంటూ చెప్పులైనా వేసుకోకుండా ఆటో ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలి చెయ్యి వదల్లేదు.

కోపమంతా పోయి నాకు నవ్వొచ్చింది. "అత్తమ్మా, నువ్వు, నా సిపాయిలు ఒక్క బడిలనే సదివిన్రు" అన్నాను. చెల్లెలు కూడా నవ్వింది.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. "నేనన్న పోయి తోల్కచ్చిన. నీ సిపాయిలను ఎవలు తోల్కస్తరు బిడ్డా?" అంది. ఆమె మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చుంది.

వానలు పడ్డాయి. ఎకో చేసి, వాపు పోయిందనీ, గుండె బలం దాదాపు మామూలైందనీ, తేలిక పనులు మెల్లగా మొదలుపెట్టొచ్చనీ చెప్పింది డాక్టరమ్మ. "సిపాయిలు ఇండ్లకు పోయిన్రా?" అని అత్తమ్మ రెండుసార్లు అడిగింది. పోయారు ఆజీ, అని డాక్టరమ్మ రెండుసార్లూ చెప్పింది.

అయినా మర్నాడు కుర్చీ గుమ్మంలోనే ఉంది. నేనేమీ అనకుండా పిండి కలిపి ఒక రొట్టె కొట్టాను. అలవాటు తప్పి అంచు విరిగింది. గుమ్మంలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. "ఇంకొక్కటి కొట్టు" అంది. కొట్టాను. ఆమె రొట్టెను చూడలేదు, నా ముఖం వైపే చూస్తూ ఉంది. ఆయాసం రాలేదు.

అప్పుడు కుర్చీని తీసి గోడ వారగా పెట్టి, గల్లీలోకి తొంగిచూసి గట్టిగా పిలిచింది.

"రాండ్రమ్మా, అందరు రాండ్రి. చాయ్ తాగిపోండ్రి!"

చాయ్ మాత్రం నన్ను పెట్టనివ్వలేదు. తనే పెట్టింది.