సద్దు లేని చోటు కోసం: విరుదునగర్ నుంచి కళుగుమలైకి రాజితో

మా అన్న పోయి ఏడు నెలలైంది. విరుదునగర్ దగ్గర ఒక బాణసంచా షెడ్డులో పని చేసేవాడు. ఆ షెడ్డు పేలింది. అతని కూతురు రాజికి ఎనిమిదేళ్లు. అప్పటినుంచి అది గడప దాటలేదు. పక్కింట్లో కుక్కర్ కూసినా మంచం కిందికి దూరుతుంది. జూన్‌లో బడికి వెళ్లకపోతే ఇంకో ఏడాది పోతుందని మా వదిన బెంగ. ముందు జనం తక్కువుండే విశాలమైన చోట్లకు మెల్లగా తిప్పమన్నాడు డాక్టరు. నేను తిరుపతి నుంచి సెలవు మీద వచ్చాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఊళ్లో పార్కు ఉంది, కానీ గోడ అవతలే బస్సుల హారన్లు. టికెట్ లేనిది, పిల్లలు పరిగెత్తగలిగేది, సద్దు లేనిది ఏదా అని ఆలోచిస్తే కళుగుమలై కొండ గుర్తొచ్చింది. చిన్నప్పుడు అన్నా నేనూ అక్కడ ఆడుకున్నాం.

మే నెల ఎండ కాబట్టి ఆదివారం ఉదయం ఆరుకే బస్సెక్కాం. కోవిల్‌పట్టికి గంటకు పైనే పడుతుంది, టికెట్ మనిషికి యాభై రూపాయల లోపే. రాజి దారిపొడుగునా రెండు చెవులూ మూసుకునే కూర్చుంది. కండక్టరు వంగి, "పాపకు చెవి నొప్పా అమ్మా?" అని తమిళంలో అడిగాడు. అవునని అబద్ధమాడాను. ఆ తర్వాత సాత్తూరు వచ్చేదాకా ఆయన విజిల్ ఊదలేదు, బస్సు రేకు మీద చేత్తో తట్టాడు. కోవిల్‌పట్టిలో ఇడ్లీ తిని, ఆడవాళ్లకు టికెట్ లేని టౌన్ బస్సు పట్టుకుంటే ముప్పావుగంటలో కళుగుమలై. నల్లరేగడి చేలన్నీ కోతలయిపోయి నెర్రెలు విచ్చి ఉన్నాయి. వాటిని చూస్తుంటే నాకే దిగులేసింది, ఇక పిల్లకు ఏం హుషారొస్తుంది?

కొండ మొదట్లో మోరు, అంటే మజ్జిగ, అమ్మే పెద్దావిడ మా తెలుగు మాట విని, "మన బాసేనా? పాపని పైకి తోడుకొని పోండి, ఆడ నీడ ఉండాది," అంది. మెట్లు పెద్ద కష్టం కాదు. బండరాతి మీద వరసగా చెక్కిన జైన బొమ్మలు, పక్కన సగంలో ఆపేసిన ఒకే రాతి గుడి, దూరంగా నెమళ్లు. రాజి చెవుల మీది చేతులు తనంతట తనే తీసింది. ఎవరో ఇద్దరు పిల్లలు బండ మీద జారుతుంటే వాళ్ల వెనక నిలబడి, కాసేపటికి తనూ జారింది. ఏడు నెలల్లో దాని నవ్వు వినడం అదే మొదలు. ఏడుపొచ్చింది నాకు.

అప్పుడే కొండ కింద పూజలు జరిగే గుడి దగ్గర టపాకాయల సరం పేలింది. వెయ్యివాలా అయ్యుంటుంది, కొండంతా మోగింది. రాజి నా దగ్గరికి పరిగెత్తలేదు. ఆ పిల్లలిద్దరినీ చొక్కాలు పట్టి కిందికి లాగింది. తనూ బోర్లా పడి, "అత్తా, పడుకో! నోరు తెర్సుకో! నాయన నేర్పిచ్చినాడు!" అని అరిచింది. పేలుడుకు చెవులు పగలకుండా నోరు తెరిచి పడుకోవాలని షెడ్డుల్లో చెప్తారు. నేనూ పడుకున్నాను. సద్దు ఆగాక కూడా అది చాలాసేపు లేవలేదు. పిల్లను ఎత్తుకుని దిగితే మోరావిడ నొచ్చుకుంది. "ఈ పొద్దు ముహూర్తం గదా తల్లీ. గుళ్లో ముగ్గురు పిల్లోళ్లకి చెవులు కుట్టేది ఉండాది. వెడి పెట్టకుండా మనోళ్లు ఉంటారా?"

తిరుగు బస్సులో సాత్తూరు దాటాక రాజి నోరు విప్పింది. "నాయనకి పడుకోవాలని తెలుసు గదత్తా?"

"తెలుసు తల్లీ. టైము దొరికి ఉండదు."

"ఎవురన్నా అరిచుంటే పడుకొనుంటాడు. ఎవురూ అరవలేదా?"

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

ఇంటికెళ్లి గోడ క్యాలెండర్ చూస్తే ఆ తేదీ మీద ముహూర్తం అని ఎర్రగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఈ పక్క పుట్టి పెరిగినదాన్ని, పెళ్లికీ చావుకీ కూడా వెడి, అదే టపాకాయలు, కాల్చే ఊళ్లని తెలిసినదాన్ని, ఆదివారం పొద్దున్నే బస్సుల్లో రద్దీ ఉండదని మాత్రమే చూసుకున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. రాజి జూన్‌లో బడికి వెళ్తుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ రాత్రి మాత్రం మంచం కింద కాదు, మంచం మీద పడుకుంది, వాళ్లమ్మ చెయ్యి వదలకుండా.

ఇలాంటి పిల్లలున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. నీళ్లు, టోపీ సరే, బయల్దేరే ముందు క్యాలెండర్ చూడండి. ముహూర్తం లేని అష్టమో నవమో చూసుకుని వెళ్లండి. మా వైపు చెడ్డరోజే ఈ పిల్లలకు మంచిరోజు.