ఫాంగ్ గారి ఆఖరి కూజా

హైమకు రాహుకాలం మీద నమ్మకం లేదు. ఎవరడిగినా అలాగే చెబుతుంది. ముప్పై ఏళ్ళు కార్ల రంగుల ల్యాబ్‌లో కెమిస్ట్‌గా పనిచేసిన మనిషి మరి. కానీ ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద గుడివాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ లేని ఏడాది లేదు. అది చూడకుండా ఆవిడ కొత్త చీర మడత కూడా విప్పదు.

రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక పక్కవీధిలో ఉండే మిసెస్ ఫాంగ్ దగ్గర చేరింది. ఫాంగ్ పుట్టింది చైనాలో, తరతరాలుగా పింగాణీ చేసే జింగ్‌దెజెన్‌లో. "మా ఊళ్ళో చేసే చెయ్యి వేరు, కాల్చే చెయ్యి వేరు" అని చక్రం తన దగ్గరే ఉంచుకుని, పెరటి షెడ్‌లోని గ్యాస్ బట్టీని హైమకు అప్పగించింది. ఏదైనా పగిలి వస్తే మాత్రం ముక్క అంచును వేలితో తడిమి చూసేది. పూత కరిగి కప్పేసి అంచు మొద్దుగా ఉంటే, అది చేసిన చేతి తప్పు. కత్తిలా కోసుకుంటే, చల్లారకుండా తలుపు తీసిన చేతి తప్పు. పదకొండేళ్ళు ఇద్దరూ అలా గడిపారు.

అక్టోబర్‌లో ఫాంగ్ పోయింది. కూతురు గ్రేస్ కోసం చేసిన కూజా ఒకటి, పూత పూసి ఆరబెట్టింది, షెల్ఫ్ మీద మిగిలిపోయింది. కాల్చడమే తరువాయి. వాళ్ళ పద్ధతిలో పింగాణీకి ఒకటే కాల్పు.

డిసెంబర్‌లో ఒక గురువారం సాయంత్రం కాల్పు ముగించి హైమ మంట ఆపింది. శుక్రవారం పదకొండుకి గ్రేస్ వస్తానంది. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. పోయినావిడ ఆఖరి కూజాను ఆ వేళ బయటికి తీస్తారా ఎవరైనా? పన్నెండు దాటాక రమ్మంటే సరిపోయేది. ఎందుకని అడుగుతుందేమోనని హైమకు సిగ్గేసింది.

మర్నాడు పదీ ఇరవైకి బట్టీ మీటర్ నాలుగు వందల యాభై డిగ్రీలు చూపిస్తోంది. రెండు వందలకు దిగాలి. "ఇంకా కూల్ అవలేదేమో హైమా, కాసేపు వెయిట్ చెయ్యి" అన్నాడు వెంట వచ్చిన భర్త రామమోహనరావు.

"ఇన్నేళ్ళుగా కాలుస్తున్నాను, నాకు తెలీదా?" అని కసిరి తలుపు తీసింది. చలిగాలి లోపలికి దూరింది. టింగుమని ఒక్క చప్పుడు.

గ్రేస్ వచ్చేసరికి కూజా రెండు ముక్కలై బల్ల మీద ఉంది. పూత మాత్రం ఎంత చక్కటి లేత నీలంగా దిగిందో! అది చూసే హైమకు ఏడుపు ఆగలేదు.

"ఏమైంది ఆంటీ?"

నిజం నోటిదాకా వచ్చింది. క్యాలెండర్ గురించి ఈ పిల్లకు ఏమని చెప్పాలి?

"చివర్లో మీ అమ్మకు చెయ్యి వణికేది కదమ్మా" అంది హైమ. "ఒకచోట పలచనైంది. మంటకు తట్టుకోలేదు."

గ్రేస్ ఒక ముక్క తీసుకుని, అచ్చం వాళ్ళమ్మలాగే, అంచు పొడవునా వేలు నడిపింది. వేలి చివర ఎర్రటి గీత లేచింది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత ముక్కలు రెండూ స్కార్ఫ్‌లో చుట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మా అమ్మ చెయ్యి వణకలేదు, ఆంటీ."