ఎలుకలత్త పరిచిన పరుపు

ఆ పరిశోధనశాలలో ప్రొఫెసర్లు ముగ్గురు మారారు, ఎలుకలు ఎన్ని తరాలు మారాయో లెక్కే లేదు. మారనిది ఎలుకలత్త ఒక్కతే. వెనక వరండా చివరి గది ఆమె రాజ్యం. పొద్దున్నే పెట్టెల్లో ఊక మార్చడం, నీటి సీసాల మూతులు నొక్కి చూడటం, ఒక్కొక్కదాన్నీ మెడ వెనక నిమిరి పలకరించడం ఆమె పని. మగ ఎలుకలు ఆమెకు కొడుకులు. జత కట్టే రోజు ఆడ ఎలుకనే మగదాని పెట్టెలోకి పంపాలి. కొత్త చోటైతే మగవాడికి బెదురెక్కువ. అలా కాపురానికి వచ్చేవాళ్ళంతా కోడళ్ళు. అందుకే ఆమె అందరికీ అత్త అయింది. మందుల పుట్టుక గురించి లావుపాటి పుస్తకాలున్నాయి గానీ, ఊక మార్చిన చేతుల గురించి ఒక్క పేజీ అయినా ఎవరూ రాసిన పాపాన పోలేదు.

ఆ ఏడు ఒక పరిశోధక విద్యార్థిని ఓ చెట్టు ఆకుల రసం వెంట పడింది. అరవై రోజులు ఆ రసం తాగిన ఆరు మగ ఎలుకలకు వీర్యకణాలు పలచబడ్డాయి. కోడళ్ళు వచ్చారు, కాపురాలు చేశారు, కానుపులు మాత్రం లేవు. అమ్మాయి ఎగిరి గంతేసింది. అసలు పరీక్ష ఇంకా ముందుంది. రసం ఆపేశాక సంతానశక్తి తిరిగొస్తే, మగవాళ్ళ గర్భనిరోధక మందుకు అదొక దారి. రాకపోతే వట్టి విషం. నాలుగేళ్ళ కష్టం నీళ్ళపాలు.

ఆపారు. రెండు నెలలాగి మళ్ళీ కోడళ్ళను పంపారు. మంచినీళ్ళు మాత్రమే తాగిన కొడుకుల ఇళ్ళలో మూడు వారాలు తిరిగేసరికి కిచకిచలు మొదలయ్యాయి. రసం తాగిన ఆరుగురి ఇళ్ళూ బోసిగానే మిగిలాయి. అమ్మాయి 'శాశ్వత నష్టం' అని రాసి, ఆ రెండు మాటల వంకే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఊక మారుస్తున్న అత్త చెయ్యి ఆగిపోయింది. పెట్టె మూల పరిచిన కాడలన్నీ కొరికి ఉన్నాయి. గూటికోసం చీల్చుకుంటున్నాయనే ఇన్నాళ్ళూ అనుకుంది, ఇప్పుడు చూస్తే సగానికి సగం తినేశాయి. రసం కోసం ఆకులు దూసుకున్నాక మూల పోగుపడ్డ, ఆ చెట్టు లేత కాడలవి. రసం మానేశాక అమ్మాయి ఆ ఎలుకల్ని రోజూ చేతుల్లోకి తీసుకోవడమూ మానేసింది. పాపం దిగులు పడ్డాయని, మందు తాగి నీరసించిన ఆ ఆరింటికే మెత్తగా గూడు కట్టుకోమని అత్త ఆ కాడలు చీల్చి వేసింది. గొంతులో రసం పోయడం ఆగింది గానీ, చెట్టును తినడం ఆగనే లేదు.

పెట్టెలో ఏది వేసినా చీటీ మీద రాయాలన్నది ఆ గదిలో మొదటి నియమం. కొత్తవాళ్ళకు అది నేర్పేదీ ఆమే. కాడలు తీసి పారేస్తే కథ అక్కడితో సరి, చూసినవాళ్ళు ఎలుకలే. ఆమె గుప్పెడు కాడలు పళ్ళెంలో పెట్టుకుని అమ్మాయి బల్ల దగ్గరికి నడిచింది.

"తల్లీ, ఆ రాత కాసేపు ఆపు. వాళ్ళకి ఈ కాడలు వేసింది నేనే. నీకు చెప్పలేదు."

"ఎన్నాళ్ళు వేశావత్తా?"

"నువ్వు రసం ఆపిన రోజు నుంచి నిన్నటిదాకా."

తిడుతుందనుకుంటే అమ్మాయి 'శాశ్వత నష్టం' కొట్టేసి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ళ అనుభవాన్ని ఏ ఎలుక కొరికిందని అడిగి, జరిగిందంతా రిజిస్టరులో ఆమె చేతే రాయించి సంతకం పెట్టించాడు. కాడలోనూ గుణముందేమో విడిగా చూడాలని గొణుక్కున్నాడు కూడా. ఆ ఆరుగురితోనే పరీక్ష మళ్ళీ మొదలైంది. రెండు నెలలు పరుపుగా ఊక తప్ప ఇంకేమీ లేదు, ఆపైన కోడళ్ళు. ఆ రోజుల్లో అత్త ఎలుకలతో ముభావంగా ఉంది. ముద్దు చేస్తే మళ్ళీ ఏం పెట్టేస్తానోనని ఆమెకే భయం.

కోడళ్ళు వచ్చిన ఇరవై మూడో రోజు పొద్దున ఆమె గదిలోంచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అమ్మాయి పరుగున వచ్చింది. వెనకాలే లెక్క రాసుకునే కాగితంతో ప్రొఫెసరూ వచ్చాడు.

"ఉన్నాయా అత్తా?"

"ఆరిళ్ళలో అయిదింట. ఒక్కొక్కటీ నీ చిటికెన వేలంత లేదు."

ఎన్నెన్ని అంటూ ప్రొఫెసరు తలుపు మీద చెయ్యి వేశాడు.

"బాలింతలు బాబూ. ఇప్పుడు కదిపితే బెదిరి పిల్లల్నే కొరికేస్తారు. ఎల్లుండి రండి."

ప్రొఫెసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.