రోజా ఉన్ననాటి దాల్చా

మా పక్కింటి రిజ్వానాకు ఈ వంటల పని అత్తగారింట్లోనే వచ్చింది. అత్త షంషున్నీసా నంద్యాలలో పెళ్లిళ్లకు మసాలా అన్నం కుష్కా, దాని మీదికి పప్పు, సొరకాయ వేసి దాల్చా వండే మనిషి. ఆమెకు మోకాళ్లు పట్టేశాక కోడలు గరిటె అందుకుంది. మొదట్లో అన్నం ఒకసారి ముద్దయ్యేది, ఒకసారి పలుకయ్యేది. అత్త మంచం మీద నుంచే, "బియ్యాన్ని అడుగు, నన్నడగొద్దు" అనేది. కొత్త బియ్యం తక్కువ నీళ్లు తాగుతాయి, పాతవి ఎక్కువ. అది తెలిశాక రిజ్వానా, వంట చెప్పడానికి ఎవరొచ్చినా ముందు పిడికెడు బియ్యం తెమ్మని, కొరికి చూసి, అప్పుడు ఒప్పుకునేది.

పోయిన రంజాన్‌లో ఆళ్లగడ్డ చెన్నమ్మ ఇంట్లో మనవరాలిని తొట్టెలో వేసే పండగ. మధ్యాహ్నం భోజనాలు. వండేవాళ్లంతా రోజా, ఉపవాసం ఉన్నారు. రిజ్వానా దాల్చాలో ఉప్పు వేసింది. ఆమె అన్నం దించే పనిలో ఉండగా చెల్లెలు సుల్తానా మళ్లీ వేసింది. నోట్లో పెట్టుకుని చూసేవాళ్లు లేరు. చుట్టాలు తొలి ముద్దకే లేచిపోయారు. ఆ తర్వాత ఆళ్లగడ్డ నుంచి ఒక్క వంట కూడా రాలేదు.

ఈ ఏడు చెన్నమ్మే వచ్చింది. నంద్యాల పెళ్లిలో రిజ్వానా కుష్కా తిని మనసు మార్చుకుందట. చిన్న కూతురు హిమజ బిడ్డకు పండగ.

"ఈసారి ఉప్పు బీరువాలో పెట్టి తాళమేస్తాలేమ్మా," అని ఎత్తిపొడిచింది. "మల్లా రంజాన్లోనే వచ్చింది. చెడగొట్టినావంటే మా ఊర్లో ఇంగ నీ పేరెత్తరు."

ఆమె పోగానే రిజ్వానా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఉప్పు చూసేకి నువ్వు రావాల."

"నాలిక్కి తగిలించి ఉమ్మేయొచ్చంట గదా?"

"వొచ్చంటారు. నాకే మనసొప్పదు."

మా ఆయన పోయినప్పటి నుంచి నాకు ఏం తిన్నా రుచి తెలియడం లేదు. ఆ మాటే చెప్పాను.

"తెలుసులే. మొన్న నువ్విచ్చిన పప్పులో ఉప్పే లేదు. అందరం తిన్యాం."

"చెప్పొచ్చు గదా."

"నువ్వు మల్లా పొయ్యి ముట్టించినావు. అది చాలనుకున్యాం."

ఆ రోజు నుంచి పొద్దు గూకే ముందు నాకొక గిన్నె పంపేది. నేను తిని ఉప్పు సంగతి చెప్పాలి. మసీదులో అజా వినబడ్డాక తను రోజా విడిచి, అదే కూర తిని, గోడ మీదుగా పలికేది. "తప్పు చెప్పినావక్కా, ఎక్కువైంది." "ఈ పొద్దు దగ్గరికొచ్చినావు." మొదట్లో తోచింది చెప్పేదాన్ని. పోను పోను నాలుక మీద ఆపి చూడడం అలవాటైంది. ఒకనాడు చింతపండు పులుపు దవడల్లో జివ్వుమంది. గిన్నె ముందర కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత మొత్తం తిన్నాను.

ఆళ్లగడ్డలో రిజ్వానా ఉప్పు డబ్బా నా ఒడిలో పెట్టింది. ఇంకెవరూ ముట్టకూడదంది. దాల్చా ఉడికాక చూసి, "ఇంకో పిడికెడు పడాల" అన్నాను.

కాపలా ఉన్నట్టు పక్కనే నిలబడ్డ చెన్నమ్మ, గరిటెతో పులుసు అరచేతిలో పోసుకుని నాకింది. "వొద్దు. సరిపోయింది. పోయినేడు తిన్న ఉప్పే మాకు ఇంగా దిగలే."

రిజ్వానా నా మొహం చూసింది. "ఇంగోసారి చూడక్కా."

ఈసారి సొరకాయ ముక్క కొరికాను. లోపల చప్పగా ఉంది.

"పులుసుకుంది, ముక్కకు లేదు. వడ్డించేలోపల ముక్క లాగేసుకుంటాది," అన్నాను.

రిజ్వానా డబ్బా అందుకుని పిడికెడు వేసి కలిపింది.

పంక్తి కూర్చుంది. మేమిద్దరం పందిరి గుంజ పక్కన నిలబడ్డాం. ఎవరూ లేవలేదు. దాల్చా మళ్లీ అడిగారు. చెన్నమ్మ కూడా అన్నం మీద ఇంకో గరిటె పోయించుకుంది. చేయి కడుక్కుని వచ్చి, "వైశాఖంలో మా అన్న కూతురి పెండ్లి. నువ్వే రావాల," అంది రిజ్వానాతో.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో పొద్దు గూకింది. ఆటో ఆపించి, రిజ్వానా ఖర్జూరం కొరికి, టిఫిన్‌లో దాచుకున్న దాల్చా రుచి చూసింది. నేను ఆగలేకపోయాను.

"ఏందీ, చెప్పు."

"ఉప్పు బాగుంది. ఇంగ రోంత పులుపు పడాల్సింది," అని టిఫిన్ నా చేతికిచ్చింది. "రేపు పులుసు పంపిస్తా, చూద్దువు. ముందు ఇది తిను, పొద్దున్నుంచి నువ్వూ ఏం తిన్లే."