కాకి ముట్టని ముద్ద

సిడ్నీ శివారు గిరావీన్ కాకుల సంగతి తెలియనివాళ్ళకి ముందే చెప్పి ఉంచడం మంచిది. అవి మన కాకుల్లాంటివి కావు. ఒళ్ళు చూస్తే కోడిపుంజంత. కన్ను తెల్లగా, పింగాణీ గోళీలా ఉంటుంది. గొంతెత్తితే పాలకోసం ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన పసిబిడ్డలా మూలుగుతూ సాగదీస్తాయి. పక్కపేట పెండిల్ హిల్‌లో మాంసం కొట్టు నడిపే తాజ్ చెప్పేదాన్ని బట్టి, ఒక కాకి ఎవరిదో బార్బెక్యూ పొయ్యి మీంచి సాసేజీ ఎత్తుకుపోయి, సరిగ్గా కాల్లేదని వెనక్కి తెచ్చి నిప్పుల మీద పెట్టి, కాలేదాకా పక్కనే కాపలా కూర్చుందట. తాజ్‌ది ప్రొద్దుటూరు. ఆయన చెప్పిన కథలో సగం కోసి పారేసినా, మిగిలిన సగం ఇంకో ఇద్దరికి సరిపోతుంది.

అలాంటి కాకి ఒకటి దిగొచ్చి తన చేతి ముద్ద ముట్టాలని సామర్లకోట ద్వారకానాథ్ పట్టుబట్టి కూర్చున్నాడు.

ద్వారకానాథ్ మొండివాడేం కాదు. కోబాల్ ప్రోగ్రామరు. ఎప్పటివో బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెల చోటే ఇచ్చారు గనక, తొంభై తొమ్మిది దాటి సున్నా సున్నా వచ్చేసరికి కంప్యూటర్లన్నీ పంతొమ్మిది వందల సంవత్సరమనుకుని తలకిందులవుతాయని ప్రపంచమంతా వణికిన రోజులవి. ఆ వణుకు పుణ్యాన ఎందరో విమానాలెక్కారు. సిడ్నీలో దిగిన ద్వారకానాథ్‌కి రెండేళ్ళపాటు ఒకటే మాట ఊతపదం అయిపోయింది. పన్ను పీకించుకోవాలన్నా, సోఫా కొనాలన్నా, భార్యని తీసుకెళ్ళి సముద్రం చూపించాలన్నా, "జనవరి ఒకటి తర్వాత" అనేవాడు. లోకంలోని భర్తలందరూ వాయిదా వేస్తారు, కానీ వాయిదాకి ఇంత ఖచ్చితమైన తేదీ ఇచ్చిన భర్త ఇంకొకడు పుట్టలేదు.

భార్య పేరు జ్ఞానప్రసూన. జనవరి ఒకటిదాకా ఉండలేదు. నవంబరులో ఒక మధ్యాహ్నం తలలో నరం చిట్లి పడిపోయింది. కింద ఫ్లాట్‌లో ఉండే తాజ్ భార్య ఫహ్మీదా చింతపండు కోసం పైకి వచ్చి చూసి, అంబులెన్సు పిలిచి, తనే ఎక్కి వెంట వెళ్ళింది. ఆ పూట ద్వారకానాథ్ వాళ్ళ ఆఫీసులో రిహార్సల్. కంప్యూటర్ల తేదీ ముందుకి జరిపి, కొత్త సంవత్సరం వచ్చేసినట్టు నటించి చూస్తారు. గదిలోకి వెళ్ళేముందు అందరి మొబైళ్ళూ బయట ఒక ట్రేలో పెట్టించారు. రిహార్సల్ బ్రహ్మాండంగా పాసయింది. చప్పట్లు కొట్టి బయటికొచ్చి, ఫోన్ తీసి చూసుకునేసరికి ఇక పరిగెత్తి చేసేదేమీ మిగల్లేదు.

పదో రోజు క్రియకి రామానుజం గారు వచ్చారు. వారమంతా ఆయన ఒక కంపెనీలో నెట్‌వర్క్ మనిషి, శని, ఆదివారాలు పురోహితుడు. మంత్రం మధ్యలో పేజర్ మోగితే నెంబరు చూసి, మళ్ళీ వదిలిన అక్షరం దగ్గరే అందుకోగల ఘనుడు. వాగు ఒడ్డున బల్లపరుపు రాయి ఒకటి కడిగించి, పిండం పెట్టించారు. ఎదురుగా యూకలిప్టస్ కొమ్మ మీద కాకి ఉంది. అందరూ వెనక్కి జరిగారు. కాకి చూసింది, మూలిగింది, కొమ్మ మీదే అటు తిరిగి కూర్చుంది.

పోయినవాళ్ళకి తీరని కోరికేదో ఉంటే కాకి ముట్టదంటారు. అప్పుడు అయినవాళ్ళు ముందుకొచ్చి, నీ కోరిక తీరుస్తామని మాటివ్వాలి. ద్వారకానాథ్ వచ్చి మాటిచ్చాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోనన్నాడు. కాకి రాలేదు. మీ చెల్లెలి చదువు నేను చూసుకుంటానన్నాడు. రాలేదు. ఎండ ముదిరింది. చీమలు పట్టాయి. రామానుజం గారు వాచీ చూసుకుని, దర్భతో కాకిని చేసి ముట్టిస్తే శాస్త్రం ఒప్పుకుంటుంది, అందరూ చేసేదే అన్నారు. మామూలుగా ఆఫీసులో అయితే ద్వారకానాథ్ ఇలాంటి అడ్డదారికి ఎగిరి గంతేసేవాడు. ఆ రోజు మాత్రం వద్దన్నాడు. అసలు కాకే రావాలన్నాడు. రామానుజం గారు తన తృప్తికి దర్భకాకితో ఆ తంతు ముగించి, పిండాన్ని నీళ్ళలో కలిపించి, తలస్నానం చేసి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ద్వారకానాథ్ గుప్పెడు బియ్యం వండి, నువ్వులు కలిపి, ఒక్కడే మళ్ళీ వాగు దగ్గరికి వెళ్ళాడు.

అలా మొదలైంది. లేవడం, చిన్న గిన్నెలో బియ్యం కడగడం, అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడడం, నాలుగు వీధులు నడవడం, రాయి కడగడం, ముద్ద పెట్టడం, ఏదో ఒక మాటివ్వడం, కూర్చోవడం. ఒకరోజు మాగ్‌పై అనే నలుపూ తెలుపూ పక్షి వచ్చి ముద్ద సగం తినేసింది. సగం నలుపుంది కాబట్టి సగం ముట్టినట్టు లెక్క కడదామా అని రామానుజం గారికి ఫోన్ చేసి అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, అలాంటి సౌకర్యం లేదన్నారు.

జనవరి ఒకటి వచ్చింది. ప్రపంచం మునగలేదు. ఒక్క లిఫ్టు కూడా ఆగలేదు. ఆఫీసులో షాంపేన్ పోశారు, మార్చిలో అక్కడి వేసవి దాటేసరికి కాంట్రాక్టులు ఆపేశారు. గిరావీన్‌లో మనవాళ్ళందరూ రాత్రికి రాత్రి కోబాల్ వదిలేసి, కొత్త కంప్యూటర్ భాష జావా మనుషులైపోయారు. ఇంటి నెంబరడిగినా డాట్ కామ్ తగిలించి చెప్పేవాళ్ళు. ద్వారకానాథ్ ఏదీ నేర్చుకోలేదు. ఒక సరుకుల రవాణా కంపెనీలో పాత ప్రోగ్రాములకి మాట్లు వేసే చిన్న పని దొరికితే చేరాడు. ఆ పనికి వెళ్ళేముందు వాగు, అంతే. అతని వాలకం చూసి అక్కడి మేనేజరు ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమంది. చెట్ల మధ్య కాసేపు గడపమంది. రోజూ ఒకే వేళకి ఒకే పని, మౌనంగా చేయమంది. అదంతా చేస్తున్నానని ద్వారకానాథ్ చెప్పాడు. ఆవిడ చాలా సంతోషించింది. కాకి మాట ఆవిడకి చెప్పలేదు.

మొదట్లో వాగు దగ్గర కూర్చున్నా చెవుల్లో మెషీన్ రూమ్ ఫ్యాన్ల హోరే ఉండేది. నెలలు గడిచేకొద్దీ అది తగ్గి, నీళ్ళ చప్పుడు వినబడింది. సరుగుడు చెట్లలోంచి గాలి పోతుంటే వచ్చే ఊళ వినబడింది. బెరడు కాగితాల్లా ఊడే చెట్టొకటుంది. ఏ రోజు ఏ పొర ఊడిందో తెలిసేది. వాగులో ఎవరో తోసేసిన షాపింగ్ ట్రాలీ చుట్టూ నాచు పెరగడం చూశాడు. ఎండలో రాళ్ళమీద పడుకునే పెద్ద తొండ చలికాలం రాగానే మాయమైపోతే, రెండు రోజులు దానికోసం వెతికాడు. ఇవన్నీ మంచివే. మనసు నిలిస్తే హాయిగా ఉంటుందని చెప్పేవాళ్ళందరూ నిజమే చెబుతారు. కానీ నిలిచిన మనసుకి ముందుగా ఏం కనబడుతుందో ఎవరూ చెప్పరు.

ద్వారకానాథ్‌కి కనబడిందేమిటంటే, తను ఇస్తున్న మాటలన్నీ గుడ్డిదెబ్బలని. సముద్రం చూపిస్తానన్నాడు, ఆవిడకి సముద్రం ఇష్టమో కాదో తెలియదు. ఇండియా వెళ్ళిపోతానన్నాడు, వెళ్ళిపోవాలని ఆవిడ ఎప్పుడైనా అందా? బ్యాంకు ఖాతాదారుడి రికార్డులో పుట్టినతేదీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తను ఆఫీసులో ఉన్నంతసేపూ ప్రసూన ఆ ఫ్లాట్‌లో ఏం చేసేదో చెప్పలేడు. ఆవిడ నవ్వుతుంటే ఎలా ఉండేదో గుర్తుచేసుకుందామని కూర్చుంటే, పెళ్ళి ఫోటోలో నవ్వే వచ్చేది. అది ఫోటోగ్రాఫరు నవ్వమంటే నవ్విన నవ్వు.

జూలైలో, అక్కడ చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక శనివారం, బియ్యం కోసం తాజ్ కొట్టుకి వెళ్ళాడు. మాంసంతో పాటు మన బియ్యం బస్తాలూ అమ్ముతాడు. తాజ్ వెనక సందులో ఉన్నాడంటే అటు వెళ్ళాడు. అక్కడ చెత్తడబ్బా చుట్టూ కాకులు. పదీ ఇరవై కాదు, పెళ్ళి బంతిలా వరసదీరి కూర్చున్నాయి. తాజ్ విసిరిన గొర్రె ముక్కలు గాల్లోనే అందుకుంటున్నాయి. వాటిలో ఒకదానికి రెక్కలో ఈక విరిగి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అది వాగు దగ్గరి కాకే. ఇన్ని నెలలు కొమ్మ మీంచి తనని చూసిన కాకే. ద్వారకానాథ్ మొహం చూసి తాజ్‌కి విషయం అర్థమైంది. నవ్వబోయి ఆపుకున్నాడు. చేతులు కడుక్కుని, ఒక ముక్క కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"ఈడ పుట్టిన కాకన్నా అది. సోనా మసూరి దానికేం తెల్సు. ఇది పెట్టు, నువ్వు కూర్చునే లోపల వచ్చి వాల్తాది."

"ఆవిడ గుడ్డు కూడా ముట్టేది కాదు, తాజ్."

"తినేది వదిన కాదు కదన్నా, కాకి."

ద్వారకానాథ్ ఆ పొట్లం తీసుకున్నాడు. తీసుకుని తిన్నగా వాగు దగ్గరికే వెళ్ళాడు. రాయి కడిగాడు. ఒళ్ళో పొట్లం పెట్టుకుని కూర్చున్నాడు. పొట్లం విప్పితే కాకి వస్తుంది, అందులో అనుమానం లేదు. కాకి ముడితే రామానుజం గారికి ఫోన్ చేసి ముట్టిందని చెప్పొచ్చు, అబద్ధం కాదు. రేపు పొద్దున్న నిద్రపోవచ్చు. కాగితంలోంచి తడి ఊరి ప్యాంటుకి అంటింది.

ఈ పని తనకి కొత్త కాదని అప్పుడు గుర్తొచ్చింది. టెస్టు పాసవ్వకపోతే, పాసయ్యే డేటా చూసి పెట్టడం. రిహార్సల్ రోజున కూడా అదే చేశారు. మొండికేసిన రెండు ఖాతాలని పక్కకి తీసేసి, మిగిలినవి నడిపించి, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో తన చేతులూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని తను అడుగుతున్నది ప్రసూన మనసులో మాట కాదు. సంతకం. అయిపోయింది, ఇక నువ్వు వెళ్ళొచ్చు అనే సంతకం.

పొట్లం విప్పలేదు. అలాగే పట్టుకుని ఇంటికొచ్చి, కింద ఫ్లాట్ తలుపు తట్టాడు. ఫహ్మీదా ఉంది. ఈ నెలలన్నిట్లో ఆవిడ పంపిన చపాతీలు తిన్నాడు, ఆవిడ పిల్లలకి లెక్కలు చెప్పాడు, ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి అడిగాడు. ఆవిడ పొట్లం అందుకుని సింకులో పెట్టి వచ్చింది.

"ఎప్పుడూ అడగలేదు గదన్నా. ఇంక అడగవులే అనుకుంటి."

"ఏమైనా అందా, అమ్మా?"

"పొయ్యి మీద పప్పుంది, ఆపేయమనింది."

"తర్వాత?"

"నీకు ఫోన్ చేస్తాననింటి. తలనొప్పికే ఫోన్ ఎందుకు, పనిలో ఉంటాడు, వచ్చినాక చెప్తాలే అనింది. నేను చేస్తినన్నా, అంబులెన్సులోంచి. మోగి మోగి ఆగిపాయ."

ఇంకేమైనా ఉందేమోనని ద్వారకానాథ్ నిలబడ్డాడు. ఇంకేమీ లేదు. ఫహ్మీదా ఇంకో మాట కల్పించి చెప్పగలదు, ఆ ఇంట్లో కథలకి కరువు లేదు. కానీ చెప్పలేదు. లోపలికి రమ్మంది, టీ పెడతానంది. అతను తల ఊపి, మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ఆ సాయంత్రమంతా పొయ్యి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆరిపోయిన పొయ్యే.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ చెయ్యి గిన్నె మీదికి వెళ్ళింది. తీసి, మళ్ళీ పెట్టేశాడు. ఉత్తచేతులు స్వెటర్ జేబుల్లో దోపుకుని నడిచాడు. వాగు మీద పొగమంచు ఇంకా లేవలేదు. రాయి కడగలేదు. దానికి కొంచెం ఎడంగా, సరుగుడు చెట్టు మొదట్లో కూర్చున్నాడు.

"నీకేం కావాలో నాకు తెలియదు, ప్రసూనా. అడగలేదు," అన్నాడు.

దానికి తోకగా ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వడానికి ఏమీ తోచలేదు. ఊపిరి పొగలా వచ్చి పోతుంటే చూశాడు. ఎండ అవతలి ఒడ్డు మీద పడి, మెల్లిగా నీళ్ళలోకి దిగింది. గుండెలో ఉన్న బరువు కాస్తయినా తగ్గలేదు. అయితే అది ఎంతుందో, ఎక్కడుందో, ఆ రోజు మొదటిసారి తెలిసింది. ఇంతవరకూ దానిమీద గిన్నెలూ ముద్దలూ మాటలూ పేర్చి ఉంచాడు.

అప్పుడు దిగింది కాకి. రెక్కలో ఈక విరిగిందే. తిన్నగా వచ్చి రాయి మీద వాలింది. ఆ చివరినించి ఈ చివరికి నడిచింది. ముక్కుతో రాయిని ఒకసారి కొట్టి చూసింది. ఏమీ లేదు. తలెత్తి, ఆ తెల్లకన్నుతో ద్వారకానాథ్‌ని చూసింది.

పరిగెత్తుకెళ్ళి గుప్పెడు అన్నం వండి తేవచ్చు. అతనికి ఆ ఆలోచన వచ్చింది, పోయింది. జేబుల్లోంచి రెండు చేతులూ తీసి, విప్పి చూపించాడు. కాకి కాసేపు చూసి, పసిబిడ్డలా మూలిగి, పెండిల్ హిల్ వైపు ఎగిరిపోయింది. అటు తాజ్ కొట్టు తెరిచే వేళైంది.

ద్వారకానాథ్ లేవలేదు. చెట్టు నీడ రాయి మీంచి జరుగుతూ ఉంది. అది పూర్తిగా పక్కకి వెళ్ళి, రాయంతా ఎండ పడేదాకా చూసి, అప్పుడు లేచి పనికి వెళ్ళాడు.